ముప్పై రోజుల డచ్చి

దాచేపల్లి కుర్రాడు డచ్చి నేర్చుకుందామని బయల్దేరాడనుకోండి. నవ్వొస్తోందా? నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మన సాఫ్ట్‌వేర్ పిల్లలు లేరా? అక్కడి పౌరసత్వం కావాలంటే డచ్చి పరీక్ష గట్టెక్కాల్సిందే. సరే, నేర్పే నాథుడెవరు?

గోడల మీద కోచింగ్ ప్రకటనలున్నాయిగా! 'ముప్పై రోజుల్లో యూరప్ భాష!' ముప్పై రోజుల్లో పత్తి చేను పూతకి కూడా రాదు మహాప్రభో. ఫీజు మాత్రం మొదటి రోజే కావాలి. మొదటి పాఠం, నమస్కారం. రెండో పాఠం, నా పేరు ఫలానా. వాక్యం కట్టడం ఎప్పుడు సార్? 'అదే వచ్చేస్తుంది బాబూ!'

రాదు. ప్రధాన వాక్యంలో డచ్చి క్రియ రెండో స్థానంలో కూచుంటుంది. మన పదవుల్లో ఉన్నవాళ్లలాగే, కుర్చీ వదలదు. 'రేపు' అని మొదలెడితే వెంటనే 'వెళ్తాను' రావాలి, తర్వాతే 'నేను': మోర్గెన్ ఖా ఇక్ నార్ గుంటూర్. ఇంగ్లీషు వరసలో 'రేపు నేను వెళ్తాను' అన్నారో, తప్పు. అదే 'ఎందుకంటే' అంటూ ఉపవాక్యం తగిలిస్తే క్రియ పోయి చివర కూలబడుతుంది: ఓమ్‌దాట్ ఇక్ ఇన్ దాచేపల్లి వోన్. 'వోన్' అంటే ఉంటాను. చివర్న క్రియ! మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య కాదూ? ఇంగ్లీషువాడు తల పట్టుకునే చోట పల్నాటి పిల్లాడు ఈల వేసుకుంటూ దాటెయ్యాలి.

దాటడు. డచ్చిని కూడా ఇంగ్లీషులోంచే నేర్పుతారు గనక. తెలుగులో కర్త ఏదో, క్రియ ఏదో బడిలో సరిగా చెప్పినవాడు లేడు గనక. బడికి తీరికేదీ? 2019 నవంబరులో ఆంధ్ర సర్కారు బడులకి ఇంగ్లీషు మీడియం జీవో. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేత. 2023లో సర్కారు బడికి టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష. 2024లో సర్కారు మారింది, టోఫెల్ గల్లంతు. ఇంతకీ ఈ జీవోలు రాసిన దొరల పిల్లలు ఏ సర్కారు బడిలో చదివారు? ఎవరైనా చూశారా?

మన పెద్దలు వలందులన్న డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో బట్టల కోసం మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో దిగారు. వాళ్ల కంపెనీ ఉద్యోగి కెటెలార్ 1698 నాటికే హిందుస్తానీకి డచ్చిలో వ్యాకరణం రాసి పెట్టాడు. బేరమాడుకోడానికొచ్చిన కంపెనీవాడికే పరాయి భాష వ్యాకరణం అక్కరకొచ్చింది. మన ఏలికలకి సొంత భాష వ్యాకరణమే బరువైపోయింది!

అన్నట్టు, డచ్చిలో నాయకులకి ఇట్టే పట్టుబడే సొగసొకటుంది. రేపటి మాట చెప్పాలంటే 'జల్' అనే సహాయక్రియ రెండో చోటే వినబడుతుంది. అసలు పని వాక్యం చిట్టచివర. నడుమ ఎంత సరుకైనా కూరొచ్చు: రోడ్డు, తాగునీళ్లు, మిర్చికి గిట్టుబాటు ధర. పని దాకా వచ్చేసరికి సభ ముగిసి కార్లు కదిలిపోతాయి. వీళ్లకి కోచింగెందుకు? నేరుగా డిప్లొమా ఇచ్చెయ్యొచ్చు.

అమ్మా, అయ్యా, మిర్చి అమ్మిన డబ్బు ఆ గోడ మీది నంబరువాడి చేతిలో పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఉపవాక్యంలో క్రియ ఎక్కడ పెట్టాలి సార్? నీళ్లు నమిలాడా, లేచి వచ్చెయ్యండి.