హస్తవాసి

నడుం నొప్పన్నా, ఆయాసమన్నా, ఆకలి లేదన్నా పల్లెలో పడే సూది ఒక్కటే: డెక్సా. పొద్దున కుంటుతూ వచ్చిన పెద్దాయన సాయంత్రానికి పొలం గట్టెక్కుతాడు. ‘ఆర్‌ఎంపీ గారి హస్తవాసి అలాంటిది’ అంటారు. స్టెరాయిడ్ అని ఎవరూ అనరు. సూదంటే బెదిరేవాళ్లకు కీళ్లనొప్పుల పొడి ఉంది. పొట్లం మీద మూలికల బొమ్మ, కొన్నిటి లోపల అదే సరుకు.

ఈ వైభోగానికి మురిసిపోయే శాల్తీ మరొకటుంది, పెద్దాయన పేగులోనే. స్ట్రాంగిలాయిడిస్ అని, రెండు మిల్లీమీటర్ల పురుగు. ఎప్పుడో తడి మట్టిలో చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలి చర్మంలోంచి దూరింది. దీని పిల్లల్లో కొన్ని బయటికి పోకుండా పేగు గోడ తొలుచుకుని మళ్లీ ఒంట్లోకే వస్తాయి. అందుకే వంశం అంతరించదు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా రైలుమార్గం పనికి జపాన్ తోలిన ఖైదీల్లో, విడుదలైన దశాబ్దాల తర్వాత కూడా ఇవి బయటపడ్డాయి.

అన్నేళ్లూ వీటిని అదుపులో పెట్టేది రోగనిరోధక శక్తే. ఆ కాపలావాణ్నే మనం డెక్సా ఇచ్చి పడుకోబెడతాం. ఇక లార్వాలు ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు బయల్దేరతాయి. పోతూ పోతూ పేగులోని బాక్టీరియానూ రక్తంలోకి మోసుకెళతాయి. ఆయాసం చూసి ఆస్తమా అనుకున్నారా, మళ్లీ స్టెరాయిడే! పెద్దాయన పోతాడు. ‘వయసైపోయింది లెండి’ అంటారు.

ఆర్‌ఎంపీని ఒక్కణ్నే తిడితే అన్యాయం. నెలల తరబడి స్టెరాయిడ్ రాసే పెద్ద డాక్టరు గారి చీటీలో గ్యాస్ మాత్ర ఉంటుంది, కాల్షియం ఉంటుంది. పురుగు సంగతి అడిగే తీరిక ఎందరికుంది? ఒక్కసారి మల పరీక్షలో కనబడకపోతే లేనట్టు కాదు. బళ్లో పంచే ఒక్క ఆల్బెండజోల్ బిళ్లకు ఇది సరిగా లొంగదు కూడా.

లొంగేది ఐవర్‌మెక్టిన్‌కు. పేరు విన్నట్టుందా? 2021లో కరోనాకని ఎగబడి కొన్న మాత్రే. గోవా ప్రభుత్వమైతే పెద్దవాళ్లందరికీ ఇస్తామంది. కరోనాకు దానితో ఒరిగేదేమీ లేదని పెద్ద పరీక్షల్లో తేలింది. పురుగు జబ్బులపై పనిచేసినందుకు దాన్ని కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు స్టెరాయిడ్‌కు ముందు ఆ మాత్ర అక్కర్లేదా అని అడిగి చూడండి.

‘అది కరోనా మందు కదండీ!’