లెక్కలు విడిచినవాని భౌతిక శాస్త్రము

పదవ తరగతి గట్టెక్కిన మా ప్రాంతపు బాలుని ముందు నిలుచు ప్రశ్న ఒక్కటే: ఎంపీసీయా, బైపీసీయా? చండ్రుగొండ మొదలుకొని ఇటు జూలూరుపాడు, అటు దమ్మపేట వరకు గల అడవి అంచు పల్లెలలో ఈ ప్రశ్నకు సమాధానము బాలుని అభిరుచిని బట్టి గాక, లెక్కల పరీక్షలో వాడు తెచ్చుకొనిన మార్కులను బట్టి నిర్ణయమగును. లెక్కలు వచ్చినవాడు ఇంజనీరు కావలెను. రానివాడు డాక్టరు కావలెను. రోగుల అభిప్రాయమును ఇంతవరకు ఎవరును అడిగినట్లు లేదు.

నేను రెండవ తెగకు చెందినవాడను. కనకగిరి గుట్టల దాపున పుట్టి పెరిగి, వేసవి వచ్చినదన్న తునికాకు కోతకును ఇప్పపూవు ఏరుటకును పోవు జనమును చూచుచు, ఆకును బట్టి చెట్టు పేరు చెప్పగలిగిన నాకు వృక్షశాస్త్రము పెట్టుబడి లేని వ్యాపారమని తోచెను. మీదుమిక్కిలి, ఇకపై ఎక్స్ విలువ కనుగొనుమని నన్ను ఎవరును నిర్బంధింపరను ధీమా కలిగెను. ఆ ధీమా భౌతిక శాస్త్రపు మొదటి పాఠము వరకే నిలిచెను. అధ్యాపకులు నల్లబల్ల మీద ఎక్స్‌ను మాత్రమే గాక, యూ, వీ, ఏ, ఎస్, టీ అను దాని బంధువర్గమునంతటిని వరుసగా నిలిపి, ఒక్కొక్క సూత్రమున మూడు ఇచ్చినచో నాలుగవది కనుగొనవచ్చునని సెలవిచ్చిరి. కనుగొనవచ్చును, సందేహము లేదు. కాని పోగొట్టుకొనినవారు వెదకుకొనక ఆ భారము నా మీద ఏల పడవలెనో నాకు బోధపడలేదు.

అమెరికా దేశపు కళాశాలలలో ఈ విషయమున కొంత దయ కలదు. అచ్చట వైద్యవిద్యకు పోదలచినవారికి బీజగణితముతోను త్రికోణమితితోను సరిపెట్టు భౌతిక శాస్త్రము ఒకటి, ఇంజనీర్లు కాదలచినవారికి కలనగణితముతో కూడినది మరియొకటి అని రెండు పంక్తులు వేసి వేరువేరుగ వడ్డింతురు.  మన ఇంటర్మీడియట్‌లో పంక్తి ఒక్కటే. ఎంపీసీవానికిని బైపీసీవానికిని పుస్తకము ఒక్కటే. 60 మార్కుల ప్రశ్నపత్రము ఒక్కటే. అందలి రెండు మార్కుల, నాలుగు మార్కుల, ఎనిమిది మార్కుల ప్రశ్నలును అవియే. భేదమెక్కడనగా, ఎంపీసీవాడు పక్క గదిలో అవకలనము, సమాకలనము అను అస్త్రములు సంపాదించుకొని వచ్చును. మేము జంతువుల కడుపులో ఏమున్నదో నేర్చుకొని వత్తుము.

సూత్రములన్నింటిలోను నన్ను మిక్కిలి వేధించినది ఎస్ = యూటీ + ½ ఏటీ² అనునది. ఇందలి అక్షరములతో నాకు పేచీ లేదు. అవి వచ్చిన దారి కొంతవరకు ఊహింపవచ్చును. ఆ ½ ఎచ్చటి నుండి వచ్చెను? యూ పక్కన లేని సగము ఏ పక్కన ఏల నిలిచెను? ధైర్యము చేసి అడుగగా, "సమాకలనం చేస్తే వస్తుంది. మీకు ఆ లెక్క లేదు కాబట్టి గుర్తుపెట్టుకోండి" అని సమాధానము వచ్చెను. గుర్తుపెట్టుకొనుడను ఈ ఒక్క ఆజ్ఞ మీదనే బైపీసీ భౌతిక శాస్త్రమంతయు నిలిచియున్నది. లెక్కలు తీసివేసినచో చదువు బరువు తగ్గునని పెద్దల ఉద్దేశము కాబోలు. తగ్గదు, పెరుగును. లెక్కలు వచ్చినవాడు త్వరణము ఒక్కటి తెలిసినచో తక్కినవన్నియు దాని నుండి తానే పుట్టించుకొనును. రానివాడు నిలకడ నుండి బయలుదేరిన వస్తువునకు ఒకటి, నిట్టనిలువుగ పైకి విసరినదానికి ఒకటి, గోపురము మీద నుండి జారవిడిచినదానికి ఒకటి, ఏటవాలుగ విసరినదాని వ్యాప్తికి ఒకటి, గరిష్ఠోన్నతికి ఇంకొకటి చొప్పున, ఒకే కుటుంబమువారిని ఒకరికొకరు తెలియని పరాయివారుగ భావించి, విడివిడిగ కంఠస్థము చేయవలెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన వంటి మహానుభావుడొకడు ఈ సూత్రములను కందములుగ చెప్పియుండినచో రాగముతో వల్లించి యుందును. 1968లో వెలసిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను తెలుగున ఇచ్చెను గాని, ఛందస్సున ఇయ్యలేదు.

ఆ సగము గుట్టు నాకు తరగతి గదిలో గాక, కొత్తగూడెము నుండి వచ్చు పల్లెవెలుగు బస్సులో విడివడినది. ఎంపీసీ చదువు మా ఊరి కుర్రవాడొకడు, కిటికీ పక్కన ఇరుకుకొని కూర్చుండి, టికెట్టు వెనుక రెండు గీతలు గీసెను: అడ్డముగ కాలము, నిలువుగ వేగము. బస్సు యూ అను వేగముతో పోవుచు సమముగ వేగము పెంచుకొనినచో గీత ఏటవాలుగ పైకి లేచును. ఆ గీత క్రింది వైశాల్యమే పోయిన దూరము. అడుగున ఉన్నది దీర్ఘచతురస్రము, దాని వైశాల్యము యూటీ. దాని నెత్తిన ఉన్నది త్రిభుజము. భూమి టీ, ఎత్తు ఏటీ.

"త్రిభుజం వైశాల్యం ఎంత?" అని వాడు అడిగెను.

"భూమి ఇంటూ ఎత్తులో సగం."

"ఆ సగమే ఈ సగం."

నేను టికెట్టు వంక నోరు తెరచి చూచుచుండగా డ్రైవరు గారు రోడ్డు దాటుచున్న కోడిని తప్పించుటకై ఒక్క త్రొక్కు త్రొక్కిరి; మేమిద్దరమును ముందు సీటు కమ్మీకి నుదురు తాకించి, ఋణత్వరణమును గూడ అదే పాఠమున ముగించితిమి.

ఆ త్రిభుజము మా కుర్రవాని సొంతము కాదని తరువాత తెలిసెను. 14వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు మతాచార్యుడగు నికోల్ ఒరేమ్ ఇట్టి బొమ్మనే గీసియుండెను. 1638లో వెలువడిన గ్రంథమున గెలీలియో, వాలుపలక గాడిలో కంచు గుండును దొర్లించి, సన్నని ధారగ పాత్రలో పడిన నీటిని తూచి కాలమును లెక్కించిన విధమును వివరించెను. గుండు సమాన కాలఖండములలో పోవు దూరములు 1, 3, 5, 7 అను నిష్పత్తిలో పెరుగునని చెప్పెను. అతడు వ్రాసినవి నిష్పత్తులే గాని నేటి సమీకరణములు కావు. సమాకలనము అతని నాటికి రూపు కట్టనేలేదు. 1687 నాటి న్యూటను ప్రిన్సిపియా సైతము అధికభాగము రేఖాగణితపు వేషముననే నడచును. కాగా గెలీలియో మా తరగతిలో వెనుక బల్ల మీద కూర్చుండియుండినచో, నీకు సమాకలనము లేదు గనుక గుర్తుపెట్టుకొనుమని అతనితోను చెప్పియుందురు.

ప్రయోగశాల ముచ్చట క్లుప్తముగ చెప్పెదను. మీటరు పొడవు గల లఘులోలకము ఇరువది డోలనములకు సుమారు 40 సెకన్లు తీసుకొనును. దాని నుండి గురుత్వ త్వరణమును రాబట్టవలెను. మా బ్యాచిలో లెక్క తుది నుండి మొదటికి నడచెడిది. 980 అను ఫలితమును ముందు వ్రాసి, దానికి తగిన కాలములను పిదప పట్టికలో నింపెడివారు. లోలకము మాత్రము తన దారిన తాను ఊగుచుండెడిది. ఈ ఒక్క విషయమున మా తరగతి చూపిన ఏకాభిప్రాయమును నేను ఏ గ్రామసభలోను చూడలేదు.

సంక్రాంతి సెలవులలో మొక్కజొన్న చేనికి కాపలా నా వంతు. గుట్ట దిగి వచ్చు కోతుల మందకును మా తాతయ్యకును ఏటేట జరుగు యుద్ధములో ఆయన స్థానము మంచె, ఆయుధము వడిసెల. నేనును మంచె మీదికి పుస్తకము తీసుకొనిపోయి, ప్రక్షేపకముల పాఠమున లోకప్రసిద్ధమైన కోతి లెక్కను ఆయనకు విన్నవించితిని: వేటగాడు కొమ్మకు వేలాడు కోతికి సూటిగ గురిపెట్టి తుపాకి పేల్చును, పేలిన క్షణముననే కోతి కొమ్మను విడుచును, గుండు తగులునా తగులదా? తప్పక తగులును. ఏలనగా గుండును కోతియు ఒకే కాలమున ఒకే దూరము, ½ జీటీ² చొప్పున, క్రిందికి దిగును. అర సెకనులో గుండు తన గురిరేఖ నుండి 1.2 మీటర్లు దిగినచో కోతియు కొమ్మ నుండి అంతే దిగును. నన్ను అంతగా వేధించిన సగము రెండు వైపులను సమముగ ఉండి, తనంతట తానే కొట్టుకొనిపోవు లెక్క ఇదొక్కటే గనుక దీని మీద నాకు ప్రత్యేకాభిమానము.

తాతయ్య వడిసెలను ఒడిలో పెట్టుకొని ఆసాంతము వినెను.

"తుపాకి పేలంగనే చేతులు వదిలేసుద్దా?"

"వదిలేసుద్ది తాతయ్యా."

"అది కోతి కాదురా, కొబ్బరికాయ. కోతైతే నువ్వు గురి పెట్టకముందే పక్క చెట్టు మీదుంటది."

"ఇంకోటి తాతయ్యా, ఇందులో గాలిని లెక్కలోకి తీసుకోగూడదు."

"గాలి లేకపోతే ఆ కోతి అప్పటిదాకా ఎట్ట బతికిందిరా?"

ఈ ప్రశ్నకు ఏ గైడులోను సమాధానము లేదు. సంభాషణను మరలింపదలచి, రాయిని 45 డిగ్రీల కోణమున విసరినచో అత్యధిక దూరము పోవునని, సెకనుకు 20 మీటర్ల వేగముతో వదలిన రాయి 40 మీటర్లు దాటునని శాస్త్రోక్తముగ తెలిపితిని. ఆయన మాట్లాడక లేచి, వడిసెలను తల మీదుగ గిరగిర త్రిప్పి, ఒక కొసను వదలెను. రాయి స్పర్శరేఖ వెంట బయలుదేరి, నేను చెప్పిన కోణమునకు చాల క్రిందుగ దూసుకొనిపోయి, చేని గట్టున ఉన్న తాటిబోదెకు ఠంగున తగిలెను. మంద యావత్తు గుట్ట పట్టినది. పుస్తకమున చెప్పిన 45 డిగ్రీలు నేల మీద నుండి నేల మీదికి, అదియు గాలి లేని చోట విసరు రాయికి మాత్రమే చెల్లును. ఎత్తు మీద నుండి విసరునపుడు ఆ కోణము తగ్గవలెను, గాలి ఎదురగునపుడు ఇంకను తగ్గవలెను. ఈ సంగతి పాఠము చివర రెండు మార్కుల ప్రశ్నగనైనను లేదు. అభికేంద్ర బలము పేరు వినని మా తాతయ్యకు ఇది తెలియునో లేదో నేను అడుగలేదు; కోతులకు తెలిసినట్లు మాత్రము స్పష్టముగ కనబడెను.

బైపీసీవారికి పాఠము చెప్పు అధ్యాపక మహాశయులకు నాదొక విన్నపము. సమాకలనము మాకు వలదు. ఆ సగము వచ్చిన నాడు సుద్దముక్కతో ఒక్క త్రిభుజము గీయుడు. గంటలో ఐదు నిమిషములు, హైస్కూలు చిన్న తరగతుల లెక్క, ఇంతకు మించి ఖర్చు లేదు. ఇక, లెక్కల బెడద వదలునని పిల్లలను ఈ కోర్సున చేర్పించు తల్లిదండ్రులకు ఒక మాట: బైపీసీలో లెక్కలు ఉండవని ఎవరు చెప్పినను నమ్మవలదు. లెక్కలు ఉన్నవి, లెక్కల మాస్టారు మాత్రము లేరు.