కిటికీ మూసేయమన్నారు

పోయినసారి అమెరికా వెళ్ళినప్పుడు మా అబ్బాయి అదనంగా డబ్బు కట్టి మరీ నాకు కిటికీ పక్క సీటు తీసుకున్నాడు. తీరా ఐర్లండ్ దాటి అట్లాంటిక్ మీదికి వచ్చామో లేదో, ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి "షట్టర్ దించండి సార్, అందరూ పడుకున్నారు" అంది. పట్టపగలు! పైన సూర్యుడు, కింద మహాసముద్రం, లోపల మూడొందల మంది ముసుగు తన్ని నిద్ర. దించాను. ఎదుటి సీటు వీపున ఉన్న బుల్లి తెర మీద ఒక బొమ్మ విమానం నీలం రంగు మీద పాకుతోంది. సముద్రం అంటే ఇక అదే, చూసుకోండి.

దిగాక వారం రోజులు నరకం. రాత్రి రెండింటికి కళ్ళు టార్చిలైట్లు, మధ్యాహ్నం కంచం ముందు కునికిపాట్లు. దానికి జెట్‌లాగ్ అని ముద్దుపేరు, మళ్ళీ దానికో మాత్ర. మా రోజుల్లో ఈ రోగమే లేదు. పడమటికి పోయే ఓడలో రోజుకి ఇరవై అయిదు గంటలు. రాత్రిపూట గడియారం ఒక గంట వెనక్కి తిప్పేవారు. ఇంగ్లండుకీ న్యూయార్కుకీ తేడా అయిదు గంటలు, ప్రయాణం అయిదు రాత్రులు. రోజుకో గంట అరిగించుకుంటూ పోతే దిగేసరికి ఒంటికి న్యూయార్కు టైమే. ఆ లెక్క ఎవరో కూర్చుని కుదిర్చింది కాదు, దూరానికీ వేగానికీ అలా కుదిరింది. దాన్ని చెడగొట్టి, మందు కనిపెట్టాం.

నేను ఓడెక్కింది అరవైల మొదట్లో. అంటే పెద్ద ఓడల కథకి చివరి అధ్యాయం. బొంబాయి నుంచి ఇంగ్లండుకి ఒక ఓడ, సౌతాంప్టన్ నుంచి న్యూయార్కుకి ఇంకోటి. చదువుకోబోయే కుర్రాణ్ణి, అడుగు తరగతి, నలుగురికో కేబిన్. మా భోజనాల బల్ల చూసే స్టీవార్డు ముసలాయన చిన్నప్పుడే ఓడ నౌకరీలో చేరాడట, వాళ్ళ నాన్న అంతకు ముందు ఓడల్లో బొగ్గు మోశాడట. నేను మాంసం తిననని తెలిశాక, ఇండియా వాడు కదా అన్నం ఉండాలని, పూటా పాలూ పంచదారా పోసి ఉడికించిన రైస్ పుడ్డింగు తెచ్చి పెట్టేవాడు. ఉప్పు వేసుకుని తింటే నొచ్చుకున్నాడు. అసలు ఓడలంటే ఏమిటో నాకు చెప్పింది ఆయనే, తర్వాత పుస్తకాలు.

ఓడ అనగానే మా మనవడికి టైటానిక్ ఒక్కటే తెలుసు. "తాతయ్యా, మీకు ఐస్‌బర్గ్ తగల్లేదా?" అంటాడు, తగిలితే బాగుండునన్నట్టు. మొదటి ప్రయాణమే పూర్తి చెయ్యని ఓడ పేరు లోకమంతా తెలుసు. 1907లో మొదటి ప్రయాణం చేసి, 1909లో అట్లాంటిక్ వేగపు పందెం గెలిచి, 1929లో జర్మనీ వాళ్ళ బ్రెమెన్ వచ్చే దాకా ఇరవై ఏళ్ళు ఆ పేరు ఎవరికీ ఇవ్వని మారిటేనియా సంగతి అడగండి, ఒక్కడూ చెప్పడు. క్షేమంగా జనాన్ని దాటించి, 1935లో రోసైత్ రేవులో తుక్కుకి పోయింది. మునగని ఓడ మీద సినిమా ఎవరు తీస్తారు?

ఆ మారిటేనియా, దాని జంట లూసిటేనియా కోసం ఇంగ్లండు ప్రభుత్వం క్యూనార్డ్ కంపెనీకి ఇరవయ్యారు లక్షల పౌన్లు అప్పిచ్చింది. జర్మన్ ఓడలు ముందుకుపోతుంటే పరువు పోయింది మరి. పార్సన్స్ కనిపెట్టిన ఆవిరి టర్బైన్లు, నాలుగు ప్రొపెల్లర్లు, ఇరవయ్యారు నాట్ల వేగం, ఒడ్డు నుంచి ఒడ్డుకి అయిదు రోజుల లోపు. రోజుకి వెయ్యి టన్నుల దాకా బొగ్గు. ఇవన్నీ ఇప్పుడు చదివి ఆహా అనుకుంటాం. ముసలి స్టీవార్డు మాత్రం ఈ అంకెలు చెప్పినప్పుడల్లా చేత్తో కిందికి చూపించేవాడు.

కింద నూట తొంభై రెండు కొలుములు. వాటికి మూడొందల పైచిలుకు మనుషులు. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, మళ్ళీ నాలుగు గంటలు. బొగ్గు గదుల్లోంచి తోపుడు బండ్ల మీద బొగ్గు తెచ్చి పోసేవాళ్ళు ట్రిమ్మర్లు, పారతో కొలిమిలో వేసేవాళ్ళు ఫైర్‌మన్లు. పార వెయ్యడం కూడా ఊరికే విసరడం కాదట. తలుపు తెరిచి ఉన్నంతసేపూ వేడి పోతుంది కాబట్టి రెండు మూడు విసుర్లలో మంట అంతటా సమంగా పరచాలి, బూడిద గీకాలి, గట్టిపడిన చిట్టెం ఇనుప కడ్డీతో పగలగొట్టాలి. ఇదంతా ఓడ అటూ ఇటూ ఒరుగుతుండగా. స్టీవార్డు వాళ్ళ నాన్న మెడలో తువ్వాలు ఎప్పుడూ ఉండేదట, కళ్ళలోకి చెమట కారకుండా తుడుచుకోవడానికీ, దాన్నే పళ్ళతో కరిచిపట్టి ఊపిరి పీల్చుకోవడానికీ. పైన మొదటి తరగతిలో పియానో వాయిస్తుంటే వీళ్ళకి వినపడేది కాదు. 1921లో మారిటేనియాలో అగ్నిప్రమాదం జరిగాక బొగ్గు తీసేసి చమురు పెట్టారు. ఆ మూడొందల మందిలో చాలామందికి పని పోయింది. అది మంచిదో చెడ్డదో నేను తేల్చలేను, తేల్చమని నన్నెవరూ అడగలేదు కూడా.

ఆ రోజుల వైభవం అని పత్రికలవాళ్ళు వేసే ఫొటోలన్నీ మొదటి తరగతివే. తాటిచెట్ల కుండీలు, పాలరాతి మెట్లు, పొడుగు చేతితొడుగుల దొరసానులు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కంపెనీలకి నిలకడగా రాబడి తెచ్చినవాళ్ళు కిందనున్న మూడో తరగతి వలసజనం. టికెట్టు ఏడెనిమిది పౌన్లు. ఇటలీ, రష్యా, ఐర్లండ్, ఆస్ట్రియా పల్లెలు ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. 1907 ఏప్రిల్ 17న ఒక్కరోజే న్యూయార్కు రేవులోని ఎల్లిస్ దీవిలో పదకొండు వేలమందిని పరీక్షించి లోపలికి తీసుకున్నారు. హాంబర్గ్‌లో ఆల్బర్ట్ బాలిన్ అనే కంపెనీ పెద్ద వీళ్ళ కోసం ఏకంగా ఒక పేటే కట్టించాడు. దయతో కాదు. అమెరికా వాళ్ళు రోగం ఉందని వెనక్కి పంపితే ఆ మనిషిని కంపెనీయే తన ఖర్చుతో తీసుకుపోవాలి. అందుకే ఇక్కడే స్నానం చేయించి, బట్టలు ఆవిరి పట్టించి, డాక్టరుకి చూపించి మరీ ఎక్కించేవాళ్ళు.

అవతలి ఒడ్డున మొదటి, రెండో తరగతుల వాళ్ళని ఓడలోనే ఒకసారి చూసి పంపించేసేవారు. మూడో తరగతి వాళ్ళని పడవల్లో ఎల్లిస్ దీవికి. అక్కడ మెట్లెక్కుతుంటే ఆయాసపడేదెవరా అని డాక్టర్లు పైనుంచి చూసేవాళ్ళు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం. కంటి జబ్బుందేమోనని, బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో కనురెప్ప తిరగేసి చూసేవాళ్ళు. ఇప్పుడు ఇమిగ్రేషన్ లైనులో పావుగంట నిలబడితే మావాళ్ళు వాట్సాప్‌లో ఏకరువు పెడతారు.

మూడో తరగతి గొప్పగా ఉండేదని నేననను. టైటానిక్‌లో మూడో తరగతి వాళ్ళు ఏడొందల మంది, స్నానాల తొట్లు రెండు. కానీ ఒక మాట. ఆ ఏడు పౌన్ల వాడికి కూర్చుని తినడానికి బల్ల ఉంది, వడ్డించే మనిషి ఉన్నాడు, ఊపిరాడకపోతే పైకెళ్ళి నిలబడ్డానికి డెక్కు ఉంది. లక్ష రూపాయలు పోసి మధ్య సీటు కొన్న మా బావమరిదికి మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో పదహారు గంటలూ తెలియలేదు.

మన తెలుగువాళ్ళ మాటకొస్తే, ఆ పెద్ద వలసలో మనం లేం. 1917లో అమెరికా చేసిన చట్టం ఇండియా నుంచి కూలిపనికి వచ్చేవాళ్ళకి తలుపు మూసింది. చదువుకునేవాళ్ళని మాత్రం రానిచ్చారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ సందులోంచే 1922లో బోస్టన్ చేరారు. ఇప్పుడు మన వైద్యం చదివే పిల్లలంతా ఆయన కనిపెట్టిన మందుల పేర్లు బట్టీ పడతారు గానీ, ఆయన ఓడ దిగి హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకున్న సంగతి ఎవరికి పడుతుంది? 1924 కోటాలతో యూరప్ వలస కూడా ఆగిపోయాక కంపెనీలు ఖాళీ అయిన మూడో తరగతికే రంగులు వేసి, "టూరిస్టు" అని పేరు మార్చి, విద్యార్థులకీ బడిపంతుళ్ళకీ అమ్మాయి. నేనెక్కిన తరగతి దాని మనవరాలు.

ఓడలో పనేమీ ఉండదు, అదే పని. పదకొండింటికి డెక్కు మీదికి వేడివేడి మాంసం చారు కప్పుల్లో వచ్చేది, నేను కప్పు పట్టుకుని వేళ్ళు కాచుకునేవాణ్ణి. మధ్యాహ్నం పన్నెండింటికి గడిచిన రోజులో ఎన్ని మైళ్ళు వచ్చామో బోర్డు మీద రాసేవాళ్ళు, దాని మీద పందేలు. పాతరోజుల నుంచీ ఉన్న సరదా అది. మారిటేనియా కాలంలో అయితే వైర్‌లెస్‌లో వచ్చిన వార్తలతో ఓడలోనే పత్రిక అచ్చేసి ఇచ్చేవాళ్ళట. ఒకరోజు గాలివాన పట్టుకుంది. భోజనాల బల్లల అంచుల చెక్కపట్టీలు పైకి లేపి నిలబెట్టారు, కంచాలు జారకుండా. స్టీవార్డు వచ్చి జగ్గుతో బల్లగుడ్డ మీద నీళ్ళు చిలకరించాడు. తడిగుడ్డ మీద పళ్ళెం కదలదు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. నా ఎదురుగా కూర్చునే లావుపాటి డచ్చాయన మాత్రం ఒక చేత్తో సూపు పళ్ళేన్ని అలకి ఎదురు వంచుతూ చుక్క ఒలకకుండా తాగాడు. అయిదు రోజులూ మేమిద్దరం మాట్లాడుకున్నది పది మాటలు కూడా కాదు, అయినా దిగేటప్పుడు చెయ్యి వదల్లేదు. విమానంలో నా పక్కన కూర్చున్న కుర్రాడు చెవుల్లో ఏవో దూర్చుకుని ఎక్కాడు, అలాగే దిగాడు.

ఇప్పుడు మనిషిని కొరియర్ కవరులా ఒకచోట ముద్ర కొట్టి ఇంకోచోట విప్పుతున్నారు. నాకు ఇంటి మీద బెంగ రెండో రోజున పట్టుకుంది, నాలుగో రోజుకి కొంచెం తగ్గింది, న్యూయార్కు రేవు కనిపించేసరికి ఆకలేసింది. అప్పటికి అవతలి దేశంలో బతకడానికి సిద్ధమయ్యాను. మా మనవరాలు చదువుకి వెళ్ళినప్పుడు శంషాబాద్‌లో ఏడ్చిన ఏడుపు ఆరకముందే డల్లాస్‌లో దిగింది. దిగి, అక్కడ ఇంకో ఆరు నెలలు ఏడ్చింది.

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ మీద తిరగడం మొదలైంది. పదేళ్ళు కాకుండానే, 1967లో, క్వీన్ మేరీ అంతటి ఓడని కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ రేవుకి కట్టేశారు, తర్వాత హోటల్ చేశారు. అంత తొందరేమొచ్చిందో.

అట్లాంటిక్ మీద ఇప్పుడు క్రమం తప్పకుండా ఆ దారిన ప్రయాణికులతో తిరుగుతున్న పెద్ద ఓడ క్వీన్ మేరీ 2 ఒకటే. ముప్ఫై నాట్ల దాకా పరిగెత్తగలదు. కానీ వందేళ్ళ కిందటి మారిటేనియా అయిదు రోజుల్లోపు పోయిన దూరానికి ఏడు రాత్రులు తీసుకుంటుంది. కావాలనే. నిదానంగా పోవడానికి జనం ఎక్కువ డబ్బు కడుతున్నారట! నా ఎనభై అయిదో పుట్టినరోజుకి దాంట్లో పంపిస్తానని కోడలు అంది. వద్దన్నాను. నాకు విసుగెత్తుతుందని వద్దంటున్నానేమో అనుకుంది పాపం.

"అలా కాదు మామయ్యగారూ, ఓడ అంతా వైఫై ఉంటుంది" అంది.