మూడు రాత్రుల ఆటవెలది: ఒక క్యాంపర్‌వాన్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

వ్యానులోన వంట, వాకిట సంద్రమ్ము,
పక్క నిండ నిసుక, పాప కేక;
మూడు రాత్రు లిట్లు ముగిసిన పిమ్మట
"మరల నెపుడు వత్తు" మనుచు నడుగు.

అవతారిక: మన భాషలో కావ్యాలకు టీకలున్నాయి, శతకాలకు ఉన్నాయి, చివరికి చాటువులకూ ఉన్నాయి. పిల్లలతో చేసే సెలవు ప్రయాణానికి మాత్రం లేదు. అంతకంటే దురవగాహమైన గ్రంథం సంసారంలో మరొకటి లేదు కనుక ఆ లోటు తీర్చడానికి ఈ ప్రయత్నం. మూలపద్యం ఏ తాళపత్రంలోనూ దొరికింది కాదు, వ్యాఖ్యానానికి ఏదో ఒక ఆధారం కావాలని టీకాకారుడే అల్లుకున్నది. మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పట్టిన కోలాచలం మల్లినాథసూరికి ఆ నియమం ఎంత కష్టమైందో గాని, మూలం కూడా తానే రాసుకున్నవాడికి చాలా సులువు. పద్యానికి రంగస్థలం ఆస్ట్రేలియా దక్షిణ తీరాన ఉన్న గ్రేట్ ఓషన్ రోడ్. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, తిరిగిరాని తమ తోటివారి స్మారకంగా 1919 నుంచి 1932 వరకు పలుగూ పారా పట్టి కొండ అంచున తొలిచిన దారి అది. టార్కీ నుంచి అలన్స్‌ఫర్డ్ దాకా సుమారు 240 కిలోమీటర్లు, సగం మలుపులే. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు డిసెంబరు, జనవరి బడి సెలవుల్లో పిల్లల్ని వేసుకుని బయల్దేరే దారుల్లో ఇదొకటి. ఇక పద్యంలో చిక్కేమిటంటే, సముద్రాన్ని మినహాయిస్తే మొదటి రెండు పాదాల్లో ఉన్నవన్నీ ఇబ్బందులే. నాలుగో పాదంలో మాత్రం పాప మళ్లీ ఎప్పుడొస్తామని అడుగుతోంది. ఈ రెంటికీ పొంతన ఎక్కడ కుదురుతుందో తేల్చడమే టీకకు పని.

ప్రతిపదార్థం: వ్యానులోన = చక్రాల మీద నిలిచిన ఒంటిగది ఇంట్లో; వంట = రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి మీద అన్నం, పప్పు, పాలు కాచుకోవడం; వాకిటన్ = పక్కతలుపు జరపగానే ఎదుట; సంద్రమ్ము = నడివేసవిలోనూ కాళ్లు జివ్వుమనిపించే చల్లని దక్షిణపు నీళ్లు; పక్క నిండన్ = దుప్పటి మడతల్లో, దిండు గలీబుల్లో, పరుపుల అతుకుల్లో; ఇసుక = పొద్దున దులిపినా రాత్రికి మళ్లీ ఉండేది; పాప = ఇంటికి చిన్నది, ఉపలక్షణంగా అన్నయ్య కూడా; కేక = అల తగిలినందుకో, చేతిలోని చిప్స్ ముక్కను సీగల్ తన్నుకుపోయినందుకో పుట్టే శబ్దం, రెంటికీ శ్రుతి ఒకటే; ఇట్లు = పై విధంగా; ముగిసిన పిమ్మటన్ = వ్యాను తాళాలు అద్దెకిచ్చినవాళ్లకు అప్పగించాక; మరలన్ ఎపుడు వత్తుము అనుచున్ అడుగు = స్పష్టమే. "మూడు రాత్రులు" అన్నచోట సంఖ్యను పట్టుకుని వేలాడకూడదు. ఆ దారిలోనే ట్వెల్వ్ అపొస్తల్స్ అని సముద్రంలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలున్నాయి. పేరుకు పన్నెండు, లెక్కకు ఏనాడూ అన్ని లేవు, ఉన్నవాటిలోనూ ఒకటి 2005లో కూలిపోయింది. స్థలపురాణమే అంకెల విషయంలో అంత ఉదారంగా ఉన్నప్పుడు కవిని ఏం నిలదీస్తాం? మూడంటే సెలవు దొరికినన్ని.

టీక: ఈ పద్యానికి కీలకం వ్యాను. ఫోక్స్‌వాగన్ కార్లను దిగుమతి చేసుకునే బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి 1947లో తన నోటుపుస్తకంలో ఒక డబ్బాబండి బొమ్మ గీశాడు. 1950లో అది జర్మనీ కర్మాగారంలో తయారవడం మొదలైంది. ఆ వెంటనే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ దానిలో బిగించుకోవడానికి, అక్కర తీరాక ఊడదీసుకోవడానికి వీలైన సామాను పెట్టె చేసింది. వారమంతా సరుకు మోసిన బండి, ఆ పెట్టె ఎక్కిస్తే సెలవునాటికి ఇల్లయ్యేది. ఈ రెండు పాత్రల స్వభావం ఇప్పటి క్యాంపర్‌వాన్‌లో ప్రతి వస్తువుకూ సంక్రమించింది. ఉదాహరణకు మంచం చూడండి. పగలు అది బల్ల, అటూ ఇటూ రెండు బెంచీలు. రాత్రి కాగానే బల్లకాలు నేలలోని గుంటనుంచి ఊడదీసి, బల్లపలకను బెంచీల అంచుల మీదికి దించి, వీపు దిండ్లను మధ్యలో పరవాలి. దిండ్లను ఏ వరుసలో పెట్టాలో తప్పితే ఒకచోట బెత్తెడు సందు మిగులుతుంది, తెల్లవారేసరికి చిన్నదాని కాలు ఖాయంగా అందులో ఉంటుంది. ఇందులోంచి వచ్చే న్యాయసూత్రం ఏమిటంటే, భోజనం ముగించకుండా ఎవరూ పడుకోలేరు, అందరూ లేవకుండా ఎవరూ టిఫిను తినలేరు. నాలుగు గదుల ఇంట్లో నలుగురికీ నాలుగు గడియారాలుంటాయి. ఇక్కడ ఒక్కటే. పైగా ఆ తీరంలో డిసెంబరు చివర సూర్యుడు రాత్రి ఎనిమిదీ ముప్పావుకు గాని అస్తమించడు. ఇంకా ఎండ ఉండగా నిద్రేమిటని పాప అడిగే ప్రశ్నకు ఏ శాస్త్రంలోనూ జవాబు లేదు. కర్టెన్లు వేయడమే ఉపాయం.

వంటకూ ఇలాంటి నియమాలే. పడకగది, వంటిల్లు ఒకటే అయినచోట ఎండుమిర్చి తాలింపు పెడితే ఆ ఘాటు దుప్పట్లకు పట్టి తిరుగు ప్రయాణం దాకా తోడొస్తుంది. అందుకే అనుభవజ్ఞులు పులిహోర పులుసు ఇంటిదగ్గరే చేసి సీసాకెత్తుకుంటారు, తాలింపులుంటే క్యారవాన్ పార్కులో అందరికీ ఉమ్మడిగా ఉన్న క్యాంప్ కిచెన్‌కు వెళ్తారు. రైస్ కుక్కర్ వ్యాను బ్యాటరీ మీద నడవదు. పార్కులో కరెంటు ఉన్న స్థలం తీసుకుని, పదిహేను ఆంపియర్ల లీడు గుంజకు తగిలించాకే అన్నం. చలేసిందని గ్యాస్ పొయ్యి వెలిగించుకుని పడుకోవడం మాత్రం నిషిద్ధం, మూసిన డబ్బాలో కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నీళ్ల ట్యాంకు చిన్నది, నింపుకోవాలి. గిన్నెలు కడిగిన మురికినీళ్లు ఇంకో ట్యాంకులోకి పోతాయి, పారబోసుకోవాలి. టాయిలెట్ కింద ఒక క్యాసెట్ ఉంటుంది. దాన్ని చేత్తో మోసుకెళ్లి డంప్ పాయింట్‌లో ఖాళీ చేయాలి. ఈ చివరి కార్యం గురించి మూలం మౌనం వహించింది, కవి మర్యాదస్తుడు. కదిలేముందు లీడు చుట్టాలి, గ్యాస్ వాల్వు కట్టేయాలి, పైకప్పు కిటికీ దించాలి, ఫ్రిజ్ తలుపుకు గొళ్లెం వేయాలి. బల్లమీద మరిచిపోయిన గ్లాసు సంగతి దారిలోని లోర్న్ ఊరు దాటాక మొదటి మలుపే చెబుతుంది.

తాత్పర్యం: ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి క్యాంపర్‌వాన్ సెలవు విశ్రాంతి కాదని తేలింది. ఇంటిపని అంతా ఉంది, సౌకర్యం మాత్రం తగ్గింది. అయినా పాప మళ్లీ అడుగుతోందంటే, కారణం ఆ ఇంటిపనిలోనే ఉండాలని టీకాకారుడి సిద్ధాంతం. ఇంట్లో పని పిల్లల కంట పడకుండా జరిగిపోతుంది. కుళాయి తిప్పితే నీళ్లు, మీట నొక్కితే దీపం, తలుపు వెనక అమ్మానాన్నలు ల్యాప్‌టాప్‌ల ముందు. పిల్లలు ఇల్లు తిరుగుతూ అడ్డం వచ్చేవాళ్లు మాత్రమే. వ్యానులో నీళ్లకు ఒక మొదలుంది, ఒక చివర ఉంది, రెండూ నాలుగేళ్ల పిల్లకు అర్థమవుతాయి. అంతకంటే ముఖ్యంగా ఆ పిల్లకు అందులో ఒక పని ఉంది. పైపు పట్టుకోవడం, దిండు అందించడం, గుమ్మం ముందు టబ్బులో అందరిచేతా కాళ్లు ముంచించడం. ఇసుక సంగతే తీసుకోండి. తడికాలికి అంటిన ఇసుకను ఎంత తుడిచినా రాదు, నీటిపొరే దాన్ని పట్టి ఉంచుతుంది. కాస్త పౌడరు చల్లి తడి ఆరనిస్తే చేత్తో దులిపితే రాలిపోతుంది. ఈ విద్య ఒకసారి చూపిస్తే పాప దాన్ని తన అధికారంగా తీసుకుని తండ్రి పాదాలకు కూడా పౌడరు వేస్తుంది. పాప మళ్లీ అడుగుతున్నది ఆ ఉద్యోగాన్ని. కష్టానికీ కోరికకూ కనిపించిన విరోధం ఇక్కడ తొలగింది కనుక అలంకారం విరోధాభాసం.

శంక: ఇంత దూరం పోనక్కర్లేదు, పిల్లలకు నచ్చింది సముద్రం, అంతే కదా? సమాధానం: సముద్రమే కారణమైతే దాని దగ్గర గడిపే సమయమూ ఎక్కువుండాలి. కాని ఆ తీరంలో ఎరుపు, పసుపు జెండాల మధ్య, లైఫ్‌సేవర్లు కాపలా ఉన్న మేరకే దిగాలి. జెండాలు దాటితే నీటిని వెనక్కి లాక్కుపోయే ప్రవాహాలు పెద్ద ఈతగాళ్లనూ వదలవు. నాలుగేళ్లది చీలమండ లోతులో, చెయ్యి పట్టించుకుని నిలబడుతుంది, చలికి కాసేపట్లో బయటికొస్తుంది. ఇక ఎండ. వేసవి మధ్యాహ్నాల్లో అతినీలలోహిత సూచిక పది దాటడం అక్కడ మామూలు. చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని 1981 నుంచి ఒక కార్టూను సీగల్ చేత దేశమంతటికీ పాట పాడించి నేర్పారు. కాబట్టి నడిపగలు నీడపట్టునే. లెక్క వేస్తే సముద్రానికి దక్కేది పొద్దున కొంత, సాయంత్రం కొంత. మిగిలిన రోజంతా వ్యాను చుట్టూ, దాని పక్కన దించిన గుడ్డపందిరి కిందే. మరో సాక్ష్యం, ఇంటికొచ్చాక పిల్లలు ఆడుకునే ఆట. కుర్చీలు వరసగా పెట్టి, పైన దుప్పటి కప్పి వాళ్లు నటించేది అలల్ని కాదు. తలుపు జరపడం, పక్క వేయడం, "అన్నీ సర్దారా, బయల్దేరుతున్నాం" అనడం.

శంక: "కొంపలో మంచాలుండగా ఈ డబ్బాలో ముడుచుకు పడుకోవడమేమిట్రా? ఆ డబ్బుతో మంచి హోటలే దొరుకుతుంది కదా" అని గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మల పూర్వపక్షం. సమాధానం: డబ్బు విషయంలో అమ్మమ్మదే గెలుపు. సెలవుల సీజన్లో వ్యాను అద్దె, రోజూ పార్కు స్థలం అద్దె, పెట్రోలు కలిపితే పొదుపు అని వాదించేవాడు టీకాకారుడు కాదు. ఆమె అడగకపోయినా, భద్రత విషయంలోనూ ఆమె పక్షానికే బలముంది. నలుగురు పడుకోవచ్చు అని రాసినంత మాత్రాన నలుగురు ప్రయాణించవచ్చని కాదు. అక్కడి చట్టప్రకారం ఏడేళ్లలోపు వాళ్లకు ఆమోదం పొందిన పిల్లలసీటు తప్పదు, దాని పైపట్టీ తగిలించడానికి బండిలో కొక్కెం ఉండాలి, రెండు వరసల బండిలో నాలుగేళ్లలోపు పిల్లల్ని ముందు కూర్చోబెట్టకూడదు. ఆ కొక్కేలు అన్ని వ్యాన్లలోనూ ఉండవు. అడిగి తెలుసుకోనివాడు బుక్ చేయకపోవడమే మేలు. అయితే హోటలు గురించి మాత్రం అమ్మమ్మ వాదం నిలవదు. హోటల్లో పక్క వేసేదొకరు, వండేదొకరు, తుడిచేదొకరు. పెద్దలకు అది హాయే. పాపకు మాత్రం అక్కడ చేయడానికేమీ లేదు, చెయ్యొద్దన్నవే ఉన్నాయి.

శంక: అసలైన ఆక్షేపణ ఇది. పాప ముచ్చట సరే, ఆ వంట చేసిందెవరు? సమాధానం: మూలంలో "వంట" అన్న మాటకు కర్త లేడు. కర్త లేనిచోట అధ్యాహారం చేసుకోమన్నారు పెద్దలు, మన ఇళ్లలో అలవాటుగా అధ్యాహారమయ్యేది తల్లి. ఆ అన్వయంతో చదివితే పద్యం ఒక వంటింటి నుంచి అంతకంటే ఇరుకైన వంటింటికి తల్లి చేసిన ప్రయాణంగా మిగులుతుంది, పై శంకలు వేసినవాళ్లంతా నెగ్గినట్టే. వ్యాను తనంతట తాను పనిని సమానం చేస్తుందని టీకాకారుడు చెప్పడం లేదు. నీళ్ల పైపు, క్యాసెట్, లీడు నాన్నవి, అన్నం, గిన్నెలు, తడిబట్టలు అమ్మవి అని విడిపోయిన కుటుంబాలు ఏ క్యారవాన్ పార్కులోనైనా కనిపిస్తాయి. మొదటి జాబితా పొద్దున్నే పావుగంటలో తీరుతుంది, రెండోది రాత్రిదాకా తీరదు. ఇంట్లో ఈ తేడాను గోడలు దాస్తాయి. ఇక్కడ అందరూ రెండడుగుల దూరంలో కూర్చుని చూస్తూనే ఉండాలి. చూసీ లేవని తండ్రికి తనకు తెలియదనే సాకు ఉండదు, వ్యాను చేసే ఉపకారం అంతవరకే. నాలుగో పాదంలో అడిగింది పాప ఒక్కతే అన్నది గమనించాలి. తల్లి అడగలేదు. కవి ఆమెను అక్కడ ఊరకే మౌనంగా ఉంచలేదు, పద్యానికి ధ్వని అదే. ఆమె కూడా మళ్లీ ఎప్పుడని అడిగితే "వంట"కు కర్త కుటుంబమని, అడగకపోతే పాత అధ్యాహారమే నడిచిందని నిర్ణయించుకోవాలి. వ్యాను సెలవు ఫలించిందో లేదో తేల్చడానికి ఇంతకంటే ప్రమాణం లేదు.

ఫలశ్రుతి: ఈ టీకను శ్రద్ధగా చదివినవారికి ఇసుక బాధ తగ్గదు, నిద్ర పెరగదు. చదివి వినిపించిన తండ్రికి గిన్నెలు కడిగే యోగం కలుగుతుంది. వ్యాను, సముద్రానికి ఎదురుగా స్థలం మాత్రం నెలల ముందే బుక్ చేసుకున్నవారికి గాని సిద్ధించవు.