గడియకో టమాటా

కొత్త సంవత్సరం రాగానే, లేదా అప్రైజల్ దగ్గరపడగానే, చదువుకున్న తెలుగు మగవాడికి ఒక సత్యం బోధపడుతుంది. తన బతుకు ఇలా తగలడటానికి టైమ్ మేనేజ్‌మెంట్ లేకపోవడమే కారణమని. వెంటనే ఫోన్ తీస్తాడు. ఫోన్ చూడటం తగ్గించుకోవడానికి ఫోన్ తీయడమే ఈ కాలపు వైరాగ్యం. పనుల జాబితాకు ఒక యాప్ వేస్తాడు. ఆ పనులు చేసేటప్పుడు ధ్యాస చెదరకుండా ఇంకొకటి. మంచి అలవాట్లు లెక్కపెట్టడానికి మరొకటి. గంటకోసారి నీళ్లు తాగమనేది ఒకటి, రాత్రి నిద్ర ఎంత బాగా పట్టిందో పొద్దున్నే మార్కులు వేసి చెప్పేది ఒకటి. దాహమైతే తాగాలని, నిద్రొస్తే పడుకోవాలని చంటిపిల్లకు కూడా తెలుసు. మనవాడు ఏడాది చందా కట్టి నేర్చుకుంటాడు.

మా కాలనీలో ఇలాంటి కుర్రాడొకడున్నాడు. సాఫ్ట్‌వేర్. ఆదివారం సాయంత్రం లాప్‌టాప్ ముందేసుకుని రాబోయే వారానికి అలంకరణ చేస్తాడు. ఆఫీసు పనికి నీలం రంగు, ఇంటి పనికి ఆకుపచ్చ, ఆత్మోన్నతికి కాషాయం. ఆపైన అన్నిటినీ నాలుగు గదుల పెట్టెలో సర్దుతాడు. ముఖ్యమైనవీ అత్యవసరమైనవీ ఎర్రగదిలో, ముఖ్యమే కానీ తొందరలేనివి పక్కనున్న పసుపు గదిలో, అలా. దీనికి ఐసెన్‌హోవర్ పెట్టె అని పేరు. అత్యవసరం వేరు, ముఖ్యం వేరు అన్న ముక్క అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో చెప్పాడు, అదీ ఎవరో మాజీ కాలేజీ అధ్యక్షుడు అన్నాడని చెబుతూ. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరంలో సేనల్ని దింపినవాడి పేరు పెట్టుకున్న ఆ పెట్టెలోకి మనవాడు దింపేవి కరెంటు బిల్లు, బ్యాంకు కేవైసీ, మేనమామకు ఫోన్. బుధవారానికల్లా అన్నీ ఎర్రగదిలోకి చేరిపోతాయి. కేవైసీకి పట్టేది పావుగంట. అది ఉగాదికి పసుపు రంగులో మొదలై, ఎరుపెక్కి, వాయిదాలు పడి, దసరాకు కొత్త జాబితాలోకి మళ్లీ పసుపుగా దిగుతుంది. ఈలోపు బ్యాంకువాళ్లు ఖాతా ఆపేస్తారు. అప్పుడు అరపూట సెలవు పెట్టి వెళ్లి చేయించుకొస్తాడు. వచ్చి, యాప్‌లో టిక్కు కొట్టి, ఆ టిక్కు వంక కాసేపు తృప్తిగా చూసుకుంటాడు.

ఈ సంప్రదాయంలో ఆదిగురువు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన రోజును గంటలవారీగా కోసి పట్టిక వేసుకున్నాడు. పదమూడు సద్గుణాలకు ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, తప్పు జరిగినప్పుడల్లా అందులో నల్లచుక్క పెట్టుకున్నాడు. ఆయన ఆత్మకథలోని ఆ పట్టికను ఈ విద్య బోధించే వాళ్లందరూ చూపిస్తారు. అన్నిటిలోకీ తనను ఎక్కువ ఇబ్బంది పెట్టింది క్రమపద్ధతేనని, ఎంత ప్రయత్నించినా అది తనకు అబ్బలేదని అదే ఆత్మకథలో ఆయన రాసుకున్న పేజీ మాత్రం ఎవరూ చూపించరు. ఆ అబ్బని పద్ధతితోనే ఆయన పిడుగుల నుంచి ఇళ్లను కాపాడే కడ్డీ కనిపెట్టాడు, గ్రంథాలయం పెట్టాడు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు. ఇవాళైతే ఆయన ఫోన్ రాత్రి పదింటికి మోగి, నేటి లక్ష్యాలు నెరవేరలేదని చెప్పేది.

ఇక టమాటా. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే విద్యార్థికి చదువు మీద మనసు నిలవలేదు. వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. అదే పెరిగి పెద్దదై, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి అయింది. నాలుగు విడతలు పూర్తయితే పెద్ద విరామం. ఇందులో తప్పేమీ లేదు. చేత్తో తిప్పితే తిరిగే బొమ్మ అది. దానికి లాగిన్ లేదు, గ్రాఫుల్లేవు, మిత్రబృందంలో మీది ఎన్నో ర్యాంకో చెప్పదు. యాప్‌ల చేతిలో పడ్డాక ఆ టమాటాకు ప్రీమియం వచ్చింది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోతే రైతు బుట్టలకు బుట్టలు రోడ్డు మీద పారబోసి పోతాడు. ఫోన్లో పండే టమాటాకు మాత్రం నెలనెలా గిట్టుబాటు ధర ఠంచనుగా పడుతుంది.

మన లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. ఇటలీ టమాటా మన గడియ కంటే ఒక్క నిమిషమే పెద్దది. (ఇది చదివి, చూశారా, ఈ పద్ధతి కూడా మన రుషులే కనిపెట్టారు అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టబోయే వాళ్లకు ముందస్తు నమస్కారం.) గడియల లెక్కతో నడిచే పంచాంగం మీద నాకు నమ్మకం లేదు. కానీ ఈ యాప్‌ల పక్కన పెట్టి చూస్తే దానిలో మర్యాద కనిపిస్తోంది. ఎప్పుడెప్పుడు పని మొదలుపెట్టకూడదో అది ఓపికగా చెబుతుంది. రాహుకాలం ఉంది, వర్జ్యం ఉంది, దుర్ముహూర్తం ఉంది. సోమవారం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా కొత్త పని ముట్టుకోవద్దన్న మహానుభావుడు ఏ జన్మలోనో ఆఫీసులో పనిచేసి ఉంటాడు. అంతకంటే పెద్ద ఉపకారం ఇంకోటుంది. పని చెడితే పంచాంగం రాహువును తిట్టుకోమంటుంది. యాప్ మిమ్మల్ని మీరు తిట్టుకోమంటుంది.

ఆ తిట్టు కూడా ముద్దుముద్దుగా ఉంటుంది. ఫారెస్ట్ అనే యాప్‌లో, పనికి కూర్చోగానే ఒక మొక్క నాటుతారు. మధ్యలో మనసాగక వాట్సాప్ తెరిచారా, మొక్క చచ్చిపోతుంది. నిజమైన చెట్లు నాటే సంస్థకు డబ్బు చేర్చే ఏర్పాటు కూడా అందులో ఉంది, అది మంచిదే. కానీ నలభయ్యేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, తెర మీద బొమ్మ మొక్క ఎండిపోతుందేమోనని గుబులుపడుతూ కూర్చోవడం చూస్తే, బాల్కనీలో నిజంగానే ఎండిపోతున్న తులసి ఏమనుకుంటుందో. టుడూయిస్ట్ అనే జాబితా యాప్‌లోనైతే పని ముగిస్తే కర్మ పాయింట్లు వస్తాయి, పనులు బాకీపడితే పోతాయి. మెట్లెక్కుతూ పోతే చిట్టచివరి మెట్టు పేరు జ్ఞానోదయం. బోధివృక్షం కింద అంతకాలం కూర్చున్నాయనకు ఈ సంగతి తెలియదు పాపం.

2018లో యాపిల్, గూగుల్ రెండూ ఒకేసారి మన మీద జాలిపడ్డాయి. మీరు రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తున్నారో లెక్క చెప్పి, యాప్‌కు ఇంత అని హద్దు పెట్టుకునే వీలు ఫోన్లోనే కల్పించాయి. హద్దు దాటగానే తెర మూసుకుంటుంది. మూసుకున్న ఆ తెర మీదే, ఐఫోన్లో అయితే, ఇంకో నిమిషం ఇవ్వు, పావుగంటాగి గుర్తుచెయ్యి, ఈ రోజుకు వదిలెయ్యి అని మీటలు సిద్ధంగా ఉంటాయి. బెల్టు షాపువాడే మద్యం ఆరోగ్యానికి హానికరం అని బోర్డు రాసి, ఆ బోర్డుకే సీసా తెరిచే మేకు కొట్టి పెట్టినట్టు. రీల్స్ మీద రీల్స్ దొర్లించి మనిషిని కుర్చీకి అంటించే ఇంజినీర్లూ, లేచి కాస్త నడవమని గుర్తుచేసే ఇంజినీర్లూ ఒకే పరిశ్రమలో జీతాలు తీసుకుంటున్నారు. రెండు వైపులా గిరాకీ మనమే.

మనిషి పనిని నిమిషాల్లో కొలవడం ఫోన్‌తో పుట్టిన బుద్ధి కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజినీరు స్టాప్‌వాచ్ పట్టుకుని ఉక్కు కర్మాగారాల్లో కూలీల వెంట తిరిగాడు. 1911లో శాస్త్రీయ నిర్వహణ అంటూ పుస్తకం రాశాడు. రోజుకు పన్నెండున్నర టన్నుల ముడి ఇనుము మోసే కూలీ చేత నలభై ఏడున్నర టన్నులు మోయించిన కథ అందులో గొప్పగా చెప్పుకున్నాడు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోయాలో, ఎప్పుడు కూర్చోవాలో అన్నీ పక్కన నిలబడ్డవాడే చెబుతాడు. మోత దాదాపు నాలుగింతలైంది. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85కి పెరిగింది. ఈ లెక్కలో లాభం ఎవరికి మిగిలిందో చెప్పడానికి ఏ యాప్ అక్కర్లేదు.

అదే ఏడాది ఆగస్టులో, మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత పోసే కార్మికులు ఈ స్టాప్‌వాచ్ మాకొద్దని పని ఆపి బయటికి నడిచారు. గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో కార్మికుల్ని స్టాప్‌వాచ్‌తో కొలిచే పనికి సొమ్ము ఖర్చుపెట్టకూడదని కొన్నేళ్లకు చట్టంలోనే రాశారు. చదువు పెద్దగా లేని ఆ పోతపనివాళ్లకు అర్థమైన విషయం, ఇంజినీరింగ్ మీద ఎంబీఏ చేసిన మనకు అంతుపట్టలేదు. వాళ్లు మేస్త్రీ చేతిలోంచి వదిలించిన గడియారాన్ని మనం చందా కట్టి జేబులో పెట్టుకున్నాం. మేస్త్రీకి ఇచ్చే జీతం కూడా యజమానికి మిగిలింది.

అలా జీతాలు మిగుల్చుకున్నవాళ్లే మనకు హితబోధ చేస్తుంటారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు దాన్ని 90కి పెంచి ఆదివారాన్ని కూడా కలుపుకొన్నారు. చిన్న విరామాలు కలుపుకుని టమాటాల్లో చెప్పాలంటే వారానికి 140 నుంచి 180కి. ఆ సంఖ్య విన్నాక కూడా కుర్రాడు జాబితా సర్దుకుంటూ కూర్చున్నాడంటే, దోషం తనలోనే ఉందని వాడికి గట్టిగా నమ్మకం కుదిరిందన్నమాట.

వాడి టైము ఎక్కడ పోతోందో చూడండి. మాదాపూర్‌లో ఉద్యోగం, కాలిఫోర్నియాలో క్లయింటు. వేసవంతా కాల్ రాత్రి తొమ్మిదిన్నరకు. నవంబరులో అమెరికావాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకోగానే అదే కాల్ ఇక్కడ పదిన్నరకు జరుగుతుంది. ఎవరో ఎక్కడో ముల్లు తిప్పితే ఇక్కడ ఒక ఇంట్లో నిద్ర గంట జరిగిపోయింది. వాడి నిద్ర యాప్ మర్నాడు పొద్దున వాడికే తక్కువ మార్కులు వేసింది, క్లయింటుకు వేయలేదు. పగలు గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంట పోయింది, దాన్ని ఆకుపచ్చగా రాసుకోవాలా నీలంగా రాసుకోవాలా తేలలేదు. మధ్యాహ్నం ఏ పని ఎందాకా వచ్చిందో చెప్పుకునే మీటింగ్, అది అయ్యాక ఆ మీటింగ్‌లో ఏం చెప్పుకున్నామో రాసే పని. యాప్ అడిగేది ఒక్కటే: ఇవాళ మీరు ధ్యాసగా ఎన్ని నిమిషాలున్నారు? మీ నిమిషాలు ఎవరు పట్టుకుపోయారు అని అడిగే గడి అందులో ఎక్కడా ఉండదు.

మొదట్లో మగవాడు అన్నాను, ఊరికే అనలేదు. ఆడవాళ్లలోనూ ఈ యాప్‌లు వాడేవాళ్లున్నారు, కానీ ఇంటి పని జాబితాకెక్కదు. కేంద్ర గణాంకాల శాఖ 2019లో దేశమంతటా జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నట్టు అప్పుడు తేలింది. గడియల్లో ఇంచుమించు పన్నెండున్నర. మగవాళ్లలో నూటికి ఇరవై ఆరు మందే ఆ పని ముట్టుకున్నారు, ముట్టుకున్నవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. మన కుర్రాడి క్యాలెండర్‌లో రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా ఫ్యామిలీ టైమ్ అని లేత గులాబీ రంగులో ఉంటుంది. ఆ అరగంటా అతని భార్య వంటింట్లో ఉంటుంది. అతను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫ్యామిలీ టైమ్ పూర్తయిందని టిక్కు కొడతాడు. ఉప్మాకు రవ్వ వేయించడం, పాలవాడికి లెక్క చూడటం, రోజు విడిచి రోజు వచ్చే నీళ్లకు తెల్లవారకముందే లేచి బిందెలు పట్టడం, ఇవేవీ ఏ యాప్‌లోనూ అలవాట్లుగా లెక్కకు రావు. ఎన్నేళ్లు రోజూ తప్పకుండా చేసినా ఆవిడకు జ్ఞానోదయం మెట్టు ఎవరూ ఇవ్వలేదు. అంత క్రమం ఫ్రాంక్లిన్‌కే అబ్బలేదు.

ఇంతా చెప్పాక, అలారం మీద నాకు కక్షేమీ లేదు. బీపీ మాత్ర వేసుకోమని రాత్రి తొమ్మిదింటికి మోగుతుంది, మోగి ఊరుకుంటుంది, నన్ను సంస్కరించబోదు. ఈ యాప్‌లు చేసేవాళ్లకు నిజంగా చిత్తశుద్ధి ఉంటే మరో రెండు చేసి పెట్టమనండి, చందా నేను కడతాను. మొదటిది మీటింగ్ పిలిచేవాడి ఫోన్లో ఉండాలి. ఈమెయిల్లో రెండు వాక్యాల్లో పోయే సంగతి కోసం పదిమందిని గంట కూర్చోబెడితే, ఆయన అడవిలో పది చెట్లు అక్కడికక్కడే ఎండిపోవాలి. అప్రైజల్ రోజున ఆ ఎడారిని కాన్ఫరెన్స్ హాలు తెర మీద చూపించాలి. రెండోది ఇంటి మగవాడి ఫోన్లో ఉండాలి. పొద్దున తెరవగానే, ఆ 299లోంచి 97 తీసేస్తే మిగిలే 202 నిమిషాల బాకీ కనిపించాలి. అంట్లు తోమితే కొంత, బట్టలు ఆరేస్తే కొంత, బియ్యంలో రాళ్లు ఏరితే కొంత తీరాలి. తీరేదాకా వాట్సాప్ తెరుచుకోకూడదు. ఈ రోజుకు వదిలెయ్యి అనే మీట దానికీ పెట్టుకోవచ్చు, ఆవిడ ఫోన్లో.