ఏలినవారికి చిరాకు

ఉగాండా శిక్షాస్మృతిలో హత్య, దోపిడీ, దొంగతనం లాంటి మోటు నేరాల సరసన ఒక సుకుమారమైన నేరం కూడా ఉంది. దేశాధ్యక్షుడికి చిరాకు తెప్పించాలనో, ఆయన్ని కంగారు పెట్టాలనో, నవ్వులపాలు చెయ్యాలనో ఏ పనికైనా పూనుకుంటే అది నేరం. 2019 ఆగస్టులో రాబర్ట్ క్యాగులాన్యి అనే పార్లమెంటు సభ్యుడి మీద ఈ అభియోగం మోపారు. బోబి వైన్ అంటే ఆఫ్రికా అంతా గుర్తుపడుతుంది. పాటగాడు.

ఈ కేసు సంగతి విని ప్రపంచం నవ్వింది. నాకు నవ్వు రాలేదు సరికదా, ఏలినవారి మీద జాలి కలిగింది. యోవెరి ముసెవేని గారు 1986 జనవరిలో సైన్యంతో కంపాలాలో అడుగుపెట్టి గద్దె ఎక్కారు. అప్పటికి ఈ పాటగాడికి నాలుగేళ్లయినా నిండలేదు. తన ఏలుబడిలోనే పలక పట్టినవాడు, తన ఏలుబడిలోనే మీసాలు మొలిచినవాడు, మైకు పట్టుకుని ఇక దిగిపొమ్మంటే ఏ పెద్దమనిషికి చిరాకు రాదు? అందుకే ఏలినవారి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. నాకు ఫీజు అక్కర్లేదు. ఫీజు ముట్టినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ముందు ముద్దాయి పుట్టుపూర్వోత్తరాలు. కంపాలాలో కమ్వోక్యా అనే మురికివాడలో పెరిగాడు. మకెరెరె విశ్వవిద్యాలయంలో సంగీతం, నృత్యం, నాటకం చదివాడు. రెగ్గే, డాన్స్‌హాల్ బాణీల్లో కుర్రకారు హుషారు, ప్రేమ, బడాయి కలిపి పాటలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. మురికివాడకు తానే అధ్యక్షుణ్నని ప్రకటించుకుని 'ఘెట్టో ప్రెసిడెంట్' అనిపించుకున్నాడు. బుచామన్ అనే తోటి గాయకుడు ఆ ఉత్తుత్తి సర్కారుకు ఉపాధ్యక్షుడు. ఇంతవరకూ ఏలినవారికి ఏ పేచీ లేదు. మురికివాడకు వేరే అధ్యక్షుడు ఉంటే మురుగుకాలవ బాధ్యత కూడా ఆయనదే అవుతుంది కదా!

పేచీ ఎక్కడొచ్చిందంటే, పోనుపోనూ పాటల్లోకి ఆ మురుగుకాలవే వచ్చి చేరింది. దాని వెంట పేదరికం, పోలీసుల జులుం వచ్చాయి. రోడ్డు పక్కన బతికే చిల్లర వ్యాపారుల్ని తరిమేస్తున్న నగరపాలక పెద్దల్ని నిలదీస్తూ ఒక పాట కట్టాడు. జనం చిందులేస్తూనే విన్నారు. చిందులేస్తే ప్రభుత్వానికి నష్టం లేదు. వినడంతోనే చిక్కు.

2017 జూన్‌లో క్యాదొండో ఈస్ట్ ఉప ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడి, పాలక పక్షాన్నీ పాత ప్రతిపక్షాన్నీ కలిపి మట్టి కరిపించాడు. నాలుగింట మూడొంతుల ఓట్లు ఒక్కడికే పడ్డాయి. పాటలు పాడుకునేవాడికి పాలన ఏం తెలుసని అప్పుడు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పాలకుడికి ఏ అర్హత ఉండాలో ఏలినవారి జీవితమే చెబుతుంది. 1980 ఎన్నికల్లో ఆయన కొత్త పార్టీకి దక్కింది ఒక్క సీటు, అదీ ఆయనది కాదు. ఎన్నికల్లో మోసం జరిగిందని 1981 ఫిబ్రవరిలో 27 తుపాకులతో అడవి పట్టారు. ఐదేళ్లు యుద్ధం చేసి దేశాన్ని గెలిచారు. ఓడినవాడు తుపాకీ పడితే విమోచకుడు, గెలిచినవాడు మైకు పడితే అనర్హుడు. ఇంత తేలికైన సూత్రం ఓటర్లకు తలకెక్కకపోవడం విచారకరం.

ఆఫ్రికా కష్టాలకు గద్దె దిగని నాయకులే కారణమని తొలిరోజుల్లో ఏలినవారే సెలవిచ్చారు. ఆనాటి నుంచి ఆ సిద్ధాంతాన్ని దేశం ఖర్చుతో తన మీదే ప్రయోగించి రుజువు చేస్తూ వస్తున్నారు. రెండుసార్లకు మించి అధ్యక్షుడు కాకూడదన్న నియమం రాజ్యాంగంలో ఉండేది, 2005లో తీసేశారు. 75 ఏళ్లు దాటినవాళ్లు పోటీ చేయరాదన్న నియమం మిగిలింది, దాన్ని 2017లో తీసేశారు. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో కుర్చీలు గాల్లోకి లేచాయి, మైకు స్టాండ్లు ఆయుధాలయ్యాయి, ప్రత్యేక బలగాలు సభలోకే వచ్చి సభ్యుల్ని ఈడ్చుకుపోయాయి. ఆ తర్వాత నియోజకవర్గాల్లో ప్రజల మనసు తెలుసుకు రమ్మని ఒక్కో సభ్యుడికి 2 కోట్ల 90 లక్షల షిల్లింగులు ఇచ్చారు. ప్రజల మనసు ఎలా ఉందో గాని, డిసెంబరుకల్లా సభ్యుల మనసు కుదుటపడి బిల్లు గట్టెక్కింది.

2018 ఆగస్టులో అరువా ఉప ఎన్నిక వచ్చింది. అధ్యక్షుడి కాన్వాయ్ మీద రాళ్లు పడ్డాయన్నారు. ఆ సాయంత్రం, అక్కడ ప్రచారానికి వెళ్లిన బోబి వైన్ కారు డ్రైవర్‌ను కాల్చి చంపేశారు. బోబి వైన్‌ను అరెస్టు చేసి, అక్రమంగా తుపాకులు ఉంచుకున్నాడంటూ సైనిక న్యాయస్థానంలో నిలబెట్టారు. సరిగ్గా నిలబడలేని స్థితిలో ఉన్నాడన్నది వేరే సంగతి. పది రోజుల్లోనే ఆ తుపాకుల కేసు ఆవిరైపోయింది. వెనువెంటనే మామూలు కోర్టులో రాజద్రోహం కేసు పుట్టుకొచ్చింది. పౌరుల్ని సైనిక కోర్టుల్లో విచారించడం రాజ్యాంగ విరుద్ధమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పార్లమెంటు కోర్టు మాటను ఎంతో గౌరవంగా విని, అదే ఏడాది మే నెలలో ఆ తప్పునే చట్టం చేసి పెట్టింది. ఇక దాన్ని తప్పనడానికి వీల్లేదు.

పాట మీద ఏలినవారికి పగ ఉందని విరోధులు అంటారు. ఇది పచ్చి అబద్ధం. ఆఫ్రికాలో రాజకీయాల్లోకి వచ్చిన ర్యాపర్ల గురించి అందరూ మాట్లాడతారు. పక్కనే టాంజానియాలో 'సుగు' అనే ర్యాపర్ జోసెఫ్ ఎంబిలిన్యి 2010లో ఎంబేయా నుంచి పార్లమెంటుకు వెళ్లాడు, 2018లో అధ్యక్షుడు మగుఫులిని అవమానించాడని ఐదు నెలల శిక్ష వేయించుకున్నాడు. సరే. కాని రాజకీయాల్లోంచి ర్యాప్‌లోకి వెళ్లిన మహానుభావుణ్ని ఎవరూ తలుచుకోరు. 2010 చివర్లో, ఎన్నికల ముందు, ముసెవేని గారు సభల్లో తమ ప్రాంతపు పిల్లల పాటలు వల్లించారు. రికార్డింగ్ కుర్రాళ్లు వాటికి తాళం జోడించారు. 'యూ వాంట్ అనదర్ ర్యాప్' దేశమంతా మోగింది, ఫోన్లలో రింగ్‌టోన్ అయింది. 2011 ఫిబ్రవరిలో 68 శాతం ఓట్లతో ఏలినవారు మళ్లీ గెలిచారు. అరవై దాటిన సైనికుడికి ర్యాప్ ఏం తెలుసని ఎవరూ అడగలేదు. అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ! అధ్యక్షుడు పాడితే సంస్కృతి. పాటగాడు అధ్యక్షుడవుతానంటే రాజద్రోహం.

కళాపోషణలో కూడా ఏలినవారి చెయ్యి పెద్దది. 2016 ఎన్నికల కోసం దేశంలోని పేరున్న గాయకుల్ని పోగుచేసి 'టుబోంగా నావే' అనే పాట చేయించారు. జోస్ కమీలియన్, బెబె కూల్, జూలియానా కన్యొమోజి అంతా గొంతు కలిపారు. ఎవరికెంత ముట్టిందన్నది అప్పట్లో ఊరంతా చెప్పుకున్న కబురు. ఆ పాటలో వినిపించని గొంతు ఒకటుంది. అది బోబి వైన్‌ది.

2019లో మరో అడుగు వేశారు. మురికివాడ ఉత్తుత్తి సర్కారులో ఉపాధ్యక్షుడిగా వెలిగిన బుచామన్‌ను పిలిచి, మురికివాడల వ్యవహారాలకు అధ్యక్షుడి ప్రత్యేక ప్రతినిధిని చేశారు. ఒక దేశపు అసలు ప్రభుత్వం అదే దేశపు ఉత్తుత్తి ప్రభుత్వాన్ని ఇంత మర్యాదగా గుర్తించిన సందర్భం ఇంకోటి ఉందా? పాటలు పాడుకునేవాడికి పాలన ఏం తెలుసన్న ప్రశ్న ఆ రోజు ఎవరికీ గుర్తుకు రాలేదు. ఎదటి పక్కన నిలబడ్డవాడికే అర్హత కావాలి. పక్కకొచ్చి నిలబడ్డవాడికి అపాయింట్‌మెంట్ ఆర్డరు చాలు.

అదే ఏడాది ఇంకో మంచి ఆలోచన చేశారు. పాటలు, వీడియోలు, సినిమా స్క్రిప్టులు ముందుగా అధికారులకు చూపించి అనుమతి తెచ్చుకోవాలనే నిబంధనలు తయారుచేశారు. బోబి వైన్ పాటల్లో నిజంగా ఏవగింపు కలిగించేవి ఉన్నాయి. స్వలింగ సంపర్కుల మీద విషం కక్కిన పాత పాటల వల్లే 2014లో బ్రిటన్‌లో ఆయన కచేరీలు రద్దయ్యాయి. ప్రజల మనిషినని చెప్పుకునే గాయకుడికి అది మచ్చే. ఉగాండా ప్రభుత్వానికి మాత్రం ఆ పాటల్లో ఒక్క చరణం కూడా అభ్యంతరంగా కనిపించలేదు. కనిపించకపోగా 2023లో ఆ విషయం మీద మరణశిక్ష దాకా పోయే చట్టమే చేసింది. ఒక మనిషి పాడినవాటిలో సిగ్గుపడాల్సినవి ఏరి చట్టపుస్తకంలో దాచుకుని, గర్వపడాల్సినవాటికి కేసులు పెట్టిన ఈ సెన్సారు అభిరుచిని ఏమని పొగడాలి?

ఖజానాకు కూడా జనం కబుర్ల వల్ల లాభమే వచ్చింది. జనం ఫోన్లలో పనికిరాని కబుర్లు చెప్పుకుంటున్నారని 2018 మార్చిలో ఏలినవారు ఆర్థిక మంత్రికి ఉత్తరం రాశారు. జూలైకల్లా ఫేస్‌బుక్, వాట్సాప్ వాడాలంటే రోజుకు 200 షిల్లింగుల పన్ను పడింది. చాడీల మీద సుంకం వసూలు చేసే ఉపాయం మన పురాణాల్లోని ఏ రాజుకూ తట్టలేదు. ఈ పన్నును వీధిలోకి వచ్చి ఎదిరించినవాళ్లలో బోబి వైన్ ముందున్నాడు. ఆయన మనుషులు ఎర్ర టోపీలు పెట్టుకుంటున్నారని 2019 సెప్టెంబరులో ఎర్ర టోపీని సైనిక దుస్తుల జాబితాలో చేర్చారు. మామూలు మనిషి నెత్తిన అది కనిపిస్తే సైనిక కోర్టు, కటకటాలు. చిన్నపిల్లలకు ఎర్ర టోపీ కథ చెప్పే అమ్మమ్మలు కూడా కాస్త జాగ్రత్తగా ఉండాల్సిన కాలమది.

ఇక్కడ నా వకాల్తా కాసేపు పక్కన పెట్టాలి. 2020 నవంబరు 18న లూకాలో ఎన్నికల ప్రచారం చేస్తున్న బోబి వైన్‌ను, సభల్లో జనాన్ని పోగుచేసి కరోనా అంటిస్తున్నాడంటూ అరెస్టు చేశారు. ఊళ్లు భగ్గుమన్నాయి. సర్కారు ఒప్పుకున్న లెక్క ప్రకారమే 54 మంది చనిపోయారు. అందులో దారిన పోయేవాళ్లు ఉన్నారు. జనాన్ని రోగం నుంచి కాపాడటానికని జనాన్నే కాల్చారు. ఆ తర్వాత బోబి వైన్ ప్రచారానికి ఇనుప టోపీ, తూటా తగలని కోటు తొడుక్కుని వచ్చేవాడు. ఓటు అడగడానికి యుద్ధానికి వెళ్లే వేషం కావలసి వచ్చింది. ఇందులో వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు.

2021 జనవరి 14న పోలింగ్. ముందురోజు నుంచే ఇంటర్నెట్ ఆపేశారు, ఐదు రోజులు దేశం మూగదైంది. ఏలినవారికి 58 శాతం, పాటగాడికి 35 శాతం అని ప్రకటించారు. ఓడిన మనిషి ఇంటి చుట్టూ సైన్యాన్ని కాపలా పెట్టారు. హైకోర్టు చెబితే గాని పదకొండు రోజుల తర్వాత ఆ సైన్యం కదల్లేదు. 35 శాతం ఓట్లు వచ్చినవాడికి అంత భద్రత ఇచ్చిన ఉదారత చూస్తే ముచ్చటేస్తుంది. ఆయన పార్టీకి పార్లమెంటులో 57 సీట్లు వచ్చాయి. ఉపాధ్యక్షుడు సెకాండి గారు సొంత సీటు పోగొట్టుకుని ఇంటికెళ్లారు.

అధ్యక్షుడికి చిరాకు తెప్పించడం నేరం గాని, అధ్యక్షుడి కొడుకు చిరాకు పడటం నేరం కాదు. జనరల్ ముహూజి కైనెరుగాబా గారు 2022లో ట్విట్టర్‌లో కూర్చుని రెండు వారాల్లో నైరోబిని పట్టేస్తామని రాశారు. తండ్రిగారు కెన్యాకు క్షమాపణ చెప్పి, కొడుకుకు పూర్తి జనరల్ హోదా ఇచ్చారు. 2024లో ఆయన్ని రక్షణ దళాల అధిపతిని చేశారు. నాన్నగారు లేకపోతే బోబి వైన్ తల నరికేసేవాణ్నని 2025 జనవరిలో అదే చోట రాశారు. కబుర్ల మీద పన్ను వేసిన ప్రభుత్వం ఈ కబురుకు బిల్లు పంపినట్టు ఎక్కడా వినలేదు.

ఇంత కష్టపడినందుకు ఏలినవారికి దక్కిన ప్రతిఫలం ఏమిటి? 'బోబి వైన్: ది పీపుల్స్ ప్రెసిడెంట్' అనే డాక్యుమెంటరీ 2024లో ఆస్కార్ తుది జాబితాకెక్కింది. లాఠీలు, బాష్పవాయువు, సైనిక వాహనాలు, కోర్టు బోను అన్నీ సమకూర్చింది ప్రభుత్వమే. అవార్డు మాత్రం ఉక్రెయిన్ మీద తీసిన సినిమాకు పోయింది. డాక్యుమెంటరీలకు ఉత్తమ ప్రతినాయకుడి బహుమతి లేకపోవడం అకాడమీ చేసిన అన్యాయం.

వకీలుగా నా ఆఖరి మాట. ముద్దాయి చేసిన అసలు నేరం అభియోగ పత్రాల్లో ఎక్కడా లేదు. రాళ్లు కాదు, టోపీ కాదు, కరోనా అంతకన్నా కాదు. పాటగాళ్లందరికీ రేటు ఉన్న ఊళ్లో అతను తన రేటు చెప్పలేదు. ఆ ఒక్కటీ చెప్పి ఉంటే ఈపాటికి ఏవో వ్యవహారాలకు ప్రత్యేక ప్రతినిధి అయ్యేవాడు. సైనిక కోర్టుకు పని తప్పేది, ఇంటర్నెట్ నడిచేది, ఎర్ర టోపీలు సంతలో అమ్ముకునేవాళ్లు. ఒక్క మనిషిని కొనలేకపోయినందుకు ప్రభుత్వం పెట్టిన ఖర్చు చూస్తే, ఉగాండా పన్ను చెల్లింపుదారులు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఏలినవారి చిరాకుకు ఎవరి జేబులోంచి చెల్లిస్తున్నారు?