కోరం లేకుండా చేయడం ఎలా?

తోటపల్లి గూడూరు మండలంలో వరి రైతులూ రొయ్యల చెరువుల వాళ్లూ కలిసి ఓ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టారనుకుందాం. ఇలాంటి కంపెనీకి 5 నుంచి 15 మంది దాకా డైరెక్టర్లు ఉండాలి. మనం 12 మందిని వేసుకుందాం. మూడు నెలలకోసారైనా బోర్డు కూర్చోవాలి, ఏడాదికి నాలుగు సమావేశాలకు తగ్గకూడదు. కోరం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, అదీ ముగ్గురికి తక్కువ కాకుండా. అంటే నలుగురు. బడిపిల్లాడు కూడా తేల్చే లెక్కే ఇది. కాకపోతే ఈ లెక్క వేసేవాళ్లందరూ గదిలోకి వచ్చినవాళ్లనే చూస్తారు. కోరం తాళం మాత్రం రానివాళ్ల దగ్గర ఉంటుంది. ఈ కరదీపిక రానివాళ్ల కోసమే.

మొట్టమొదటి సూత్రం: తీర్మానం నచ్చకపోతే సమావేశానికి వెళ్లి వ్యతిరేకించే పొరపాటు చేయకండి. ధాన్యం ఆరబెట్టే యంత్రం కొందామని అజెండాలో ఉంది. అనుకూలంగా ముగ్గురే వచ్చారు. మీరు నిజాయితీగా వెళ్లి కూర్చుంటే నలుగురవుతారు, కోరం నిండుతుంది, తీర్మానం 3-1తో నెగ్గుతుంది. అంటే దాన్ని నెగ్గించింది మీరే. ఇంట్లోనే ఉండిపోతే సమావేశమూ లేదు, తీర్మానమూ లేదు. చేయెత్తితే ఓడిపోయేవాడు కాలు కదపకుండా గెలుస్తాడు. అయితే రానని ముందే చెప్పేయకూడదు. అధ్యక్షుడు ఫోన్ చేసినప్పుడల్లా "దార్లో ఉండానబ్బయా, ఈదూరు దాటా" అంటూ ఉంటే, వచ్చిన ముగ్గురూ టీలు తాగుతూ అరగంట ఎదురుచూస్తారు. ఆ ఫోన్‌లోనే నా మాట వినండి, లెక్కలో వేసుకోండి అని మాత్రం అనకండి. వీడియోలో కనిపిస్తే చట్టం మిమ్మల్ని హాజరైనట్టే లెక్కపెడుతుంది, వట్టి గొంతును లెక్కపెట్టదు. కాబట్టి కెమెరా ఆన్ చేయకండి.

రెండో సూత్రం దీనికన్నా విలువైనది: అలగండి గానీ రాజీనామా చేయకండి. 2013 కంపెనీల చట్టం కోరం లెక్కకు మొత్తం బలం చూసేటప్పుడు ఖాళీ పడిన స్థానాలను తీసేస్తుంది. ముగ్గురు రాజీనామా చేస్తే మొత్తం తొమ్మిదే, కోరం ముగ్గురికి దిగుతుంది, మీ శత్రువుల పని తేలికవుతుంది. అదే ముగ్గురూ పదవిలో ఉంటూ రాకపోతే మొత్తం పన్నెండే, నాలుగో మనిషి కోసం వెతుకులాట సాగుతూనే ఉంటుంది. పంచాయతీరాజ్ చట్టం దారి వేరు. మండల పరిషత్ అధ్యక్షుడి మీద అవిశ్వాసం పెడితే ఖాళీలనూ, సస్పెండయిన సభ్యులనూ కూడా మొత్తంలో కలిపే మూడింట రెండొంతులు లెక్కిస్తారు. అక్కడ పోయినవాళ్లు కూడా రానివాళ్ల జట్టులోనే ఉంటారు. కాబట్టి ఏ సభకు ఏ లెక్కో ముందు చూసుకుని, తర్వాత అలగండి.

ఇది మన ఊరి తెలివేనని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో తుని మున్సిపల్ వైస్ చైర్మన్ ఎన్నిక కోరం లేక మళ్లీ మళ్లీ వాయిదా పడింది. 1840లో అబ్రహం లింకన్ ఇల్లినాయిస్ శాసనసభలో కోరం చెడగొట్టడానికి తోటివాళ్లతో కలిసి కిటికీ దూకాడు. అప్పటికే హాజరు లెక్క అయిపోవడంతో ఆ దూకుడు వృథా అయింది. 1890లో అమెరికా ప్రతినిధుల సభలో సభ్యులు కుర్చీల్లో కూర్చునే ఓటు వేయకుండా కోరం లేదనిపించేవారు. స్పీకర్ థామస్ రీడ్ వాళ్లందరి పేర్లూ చదివించి హాజరు వేయించాడు. నీతి తెలిసిందిగా: గదిలోకి వెళ్లి కనిపించకుండా ఉందామనుకోవడం కన్నా, అసలు గదికే వెళ్లకపోవడం క్షేమం.

దీనికి కొందరు మంచివాళ్లు రెండు అభ్యంతరాలు చెబుతారు. రానివాళ్లంతా కుట్రదారులు కారు, నాట్లు, కోతలు, చెరువులో రొయ్యకు తెగులు ఇవన్నీ ఉంటాయి కదా అన్నది మొదటిది. నిజమే. కానీ కోతలు అందరికీ ఒకేసారి వస్తాయి, అప్పుడు తేదీ మార్చుకోవచ్చు. మనం చెప్పుకుంటున్నది అజెండా చూశాక వచ్చే తెగులు సంగతి. రెండో అభ్యంతరం: అయితే కోరం తగ్గించేస్తే సరిపోదా? అప్పుడు ఇద్దరు కూర్చుని పదిమంది సొమ్ముకు సంతకం పెడతారు. ఆ ఇబ్బంది కూడా లేకుండా మనవాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. మనుషులు రాకపోతే మినిట్స్ పుస్తకమే మోటారు సైకిలెక్కి ఇంటింటికీ వెళుతుంది, రాని సభలో వచ్చినట్టు సంతకాలు పడతాయి. కోరం తక్కువైతే రాకపోవడం ఆయుధం కాదు, నిజమే. కానీ పుస్తకం తిరగడం మామూలైపోతే రావడానికే అర్థం ఉండదు.

చట్టం దగ్గర మందు లేకపోలేదు, మోతాదే తక్కువ. కోరం లేకపోతే బోర్డు సమావేశం వచ్చే వారం అదే రోజుకు, అదే వేళకు, అదే చోటికి వాయిదా పడుతుంది. వాటాదారుల సభయితే వాయిదా తర్వాత వచ్చినవాళ్లే కోరం. బోర్డుకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి మీరు మళ్లీ వారం కూడా ఈదూరు దాటుతూ ఉండొచ్చు. మామూలు కంపెనీల్లో పన్నెండు నెలల పాటు ఒక్క సమావేశానికీ రాని డైరెక్టరు పదవి పోతుంది. అందుకే అనుభవజ్ఞులు ఏడాదికోసారి, అదీ భోజనాలున్న రోజున, తప్పక వస్తారు.

ఇక ఈ కరదీపికను పనికిరాకుండా చేయాలనుకునే అధ్యక్షులకు ఒకే మాట. కోరం అంకె పెంచీ తగ్గించీ లాభం లేదు, రాకపోవడానికి ఖరీదు లేనంత కాలం ఏ అంకె అయినా రానివాడికే పనికొస్తుంది. వచ్చినవాళ్ల పేర్లు రాసే పేజీలోనే రానివాళ్ల పేర్లు రాయండి, పక్కనే ఆరోజు అజెండాలో ఏముందో కూడా రాయండి. ఏడాది చివర ఆ పేజీలను సర్వసభ్య సమావేశంలో పైకి చదివించండి. ఎవరు ఏ తీర్మానం రోజున దార్లో ఉండిపోయారో సభ్యులకు అర్థమైతే ఎవరిని దించాలో వాళ్లే తేల్చుకుంటారు. అలా ఖాళీ అయిన కుర్చీలు మొత్తంలోంచి తీసివేతే కదా, కోరం కూడా తగ్గుతుంది. అలిగినవాళ్లు ఇవ్వని తగ్గింపును సభ్యులే ఇచ్చి పంపుతారు.